గల్ఫ్ యుద్ధం వంద గంటల్లో ముగియలేదు

సంపాదకుల వారికి,

కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌ను అమెరికా సారథ్యంలోని సంకీర్ణ సేనలు తరిమికొట్టిన 1991 గల్ఫ్ యుద్ధంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. విమానాలు, క్షిపణులు, ఆ సేనల్ని నడిపిన అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్ ఎత్తుగడ, ఫిబ్రవరి 24న మొదలై వంద గంటల్లో ముగిసిన భూతల పోరు, అన్నీ వివరంగా ఉన్నాయి. వాటిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ ఆ రోజుల్లో కువైట్‌లో దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయులు ఉన్నారన్న సంగతికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు. కువైట్ వెళ్లొచ్చినవాళ్లు వీధికొకరు ఉండే రాయచోటిలో కూర్చుని చదివితే అది కాస్త చివుక్కుమనిపించింది.

మొదట సంకీర్ణ సేనల సంగతి. ముప్పైకి పైగా దేశాలు న్యాయం కోసం ఒక్కటయ్యాయని వ్యాసం చెప్పింది. ఇరాక్ చేసింది దురాక్రమణే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ ఐక్యత వెనకాల లెక్కలు కూడా నడిచాయి. సైన్యం పంపిన ఈజిప్టుకు అమెరికా దాదాపు 700 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేసింది. సైన్యం పంపలేని జపాన్ 1,300 కోట్ల డాలర్లు కట్టింది. యుద్ధానికి సుమారు 6,100 కోట్ల డాలర్లు ఖర్చయితే, 5,000 కోట్లకు పైగా అమెరికా మిగతా దేశాల దగ్గర వసూలు చేసుకుంది. ఇక యెమెన్ మాటేమిటి? బలప్రయోగానికి అనుమతిస్తూ 1990 నవంబర్ 29న భద్రతా మండలి చేసిన 678వ తీర్మానాన్ని క్యూబాతో కలిసి వ్యతిరేకించింది. దాంతో యెమెన్‌కు అమెరికా సాయం ఆగిపోయింది. ఆ సంక్షోభంలోనే సౌదీలో పనిచేసుకుంటున్న లక్షలాది యెమెన్ కూలీలు మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. పెద్దల తగాదాలో మొదట వీధిన పడేది కూలీలేనని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

మనవాళ్లకు యుద్ధం సంకీర్ణ సేనల విమాన దాడులు మొదలైన 1991 జనవరి 17న మొదలు కాలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడిన 1990 ఆగస్టు 2 తెల్లవారుజామునే మొదలైంది. మా బావ అప్పుడు కువైట్ సిటీలో ఒక ఇంట్లో డ్రైవరు. యజమాని కుటుంబం కార్లు తీసుకుని సౌదీకి వెళ్లిపోయింది. బావ పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇరాక్ వాళ్లు ముందు కువైట్ దినార్‌ను తమ దినార్‌తో సమానం చేసి, తర్వాత అసలు చెల్లదన్నారు. ఏళ్లు కూడబెట్టిన డబ్బు రాత్రికి రాత్రి చిత్తుకాగితమైంది. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకు చేరి, అక్కడ ఎడారిలో టెంట్లలో పడుకుని, నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా క్యూలో నిలబడి, చివరికి అమ్మాన్‌లో విమానం ఎక్కాడు. విముక్తి తర్వాత కువైట్ కొత్త నోట్లు అచ్చువేసింది. పాత నోట్లు రెండు ఇప్పటికీ మా అక్క బీరువాలో బట్టల కింద ఉన్నాయి. పిల్లలు తీసి చూస్తుంటే ఆమె కసురుకుంటుంది.

అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 సార్లు ఎగిరి లక్షా పది వేల మందికి పైగా మోసుకొచ్చింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కౌగిలించుకున్న ఫోటో చూసి అప్పట్లో చాలామంది చీదరించుకున్నారు. దేశం పరువు కోణంలో అది తలవంపే కావచ్చు. దారి తెరుచుకోవాలని ఎదురుచూస్తున్న ఇళ్లలో మాత్రం ఆ ఫోటోను ఎవరూ తిట్టుకోలేదు. కొద్ది నెలలకే, 1991 జనవరిలో, చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలను బొంబాయి, మద్రాసు, ఆగ్రాల్లో ఇంధనం నింపుకోనిచ్చింది. ఆ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న రాజీవ్ గాంధీ గొడవ చేశాక అది ఆగింది.

చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గి, అప్పటికే లోటులో ఉన్న ఖజానా గుల్లయింది. ఆ జులైలో దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు కోసం ఇంగ్లండుకు తరలింది. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు. ఆ తర్వాత వచ్చిన ఆర్థిక సంస్కరణల గురించి ఇన్ని వ్యాసాలు వస్తాయి గానీ, వాటిలో కువైట్ పేరు అరుదుగా కనిపిస్తుంది.

గురి తప్పని బాంబులని కూడా మీ వ్యాసం మెచ్చుకుంది. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమిరియా షెల్టర్ మీద పడ్డ బాంబులూ గురి తప్పలేదు. లోపల తలదాచుకున్న నాలుగు వందల మందికి పైగా పౌరులు చనిపోయారు.

ఇక ఆ యుద్ధం లెక్క తేలిందెప్పుడు? ఇరాక్ నష్టపరిహారం చివరి వాయిదా కట్టిన 2022 జనవరిలో. నష్టపరిహారం కోసం ఐక్యరాజ్యసమితి జెనీవాలో పెట్టిన కమిషన్‌కు దాదాపు 27 లక్షల దరఖాస్తులు వెళ్లాయి. సుమారు 15 లక్షల మందికి, సంస్థలకు కలిపి 5,240 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన ఒక్కో మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు. బావకూ వచ్చింది, చాలా ఏళ్లకు. ఆ డబ్బుతో ఇంటికి స్లాబ్ పడింది. అది ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి, మొదట్లో నూటికి 30 చొప్పున, కోసి ఇచ్చిన సొమ్ము. ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల మందులకు కూడా కటకటలాడుతున్న ఇరాక్ జనం నోటి దగ్గరిది అన్నమాట. మాకు హక్కుగా రావాల్సిందే, కాదనను. కానీ ఈ ముడి విప్పకుండా యుద్ధ చరిత్ర రాశామంటే ఎలా?

ఆ దరఖాస్తులు, ఎంబసీ ఇచ్చిన కాగితాలు, అమ్మాన్ నుంచి రాసిన ఉత్తరాలు కడప, రాజంపేట, రాయచోటి ఇళ్లలోనూ, అటు కోనసీమ, నరసాపురం వైపూ ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. అప్పుడు ముప్పై ఏళ్లవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. పాత పత్రాలు భద్రపరిచే రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ వీటి నకళ్లు సేకరించి, చెప్పగలిగినవాళ్ల మాటలు రికార్డు చేయాలి. ప్రభుత్వం కదిలేలోపు మీ జిల్లా ఎడిషన్‌లో వారానికో అర పేజీ కేటాయించండి. కాగితాలు పంపాల్సిన చిరునామా వేస్తే చాలు, మా వీధిలో వాళ్లవి జెరాక్సులు తీయించి పంపే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచరు,
రాయచోటి