సీరం గురించి, ఇంకొన్ని సంగతుల గురించి అమ్ములుకి

అమ్ములూ,

ఇక్కడ అందరం బాగున్నాం. బాబాయి మోకాలినొప్పి తగ్గింది. నీ ఫోన్ రాక చాలా రోజులైతే, పని ఒత్తిడేమోలే అని ఊరుకున్నాను. మొన్న వాసు మాటల మధ్యలో, నువ్వు ల్యాబ్ మానేద్దామనుకుంటున్నావని అన్నాడు. అది అడగడానికేం రాయట్లేదు. కళ్ళజోడు మార్పించుకున్నావా? గంటల తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే తలనొప్పి రాక ఏమవుతుంది?

సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) లేని మీడియంలో, అదే కణాలు పెంచే ద్రావణంలో, నీ నానోపార్టికల్స్, ఆ కంటికానని రేణువులు, కణాల్లోకి చక్కగా వెళ్ళాయట, పది శాతం సీరం కలపగానే చాలావరకు ఆగిపోయాయట. దానికా ఇంత దిగులు? సీరంలో పడీపడగానే ప్రొటీన్లు పార్టికల్‌ను కమ్మేస్తాయి. ఆ పొరకి ప్రొటీన్ కరోనా అనే మాట 2007 నుంచీ ఉన్నదే కదా. ఇక కణానికి తగిలేది ఆ పైపొరే. నువ్వు అంత కష్టపడి తగిలించిన ట్రాన్స్‌ఫెరిన్, ఇనుము మోసే ఆ ప్రొటీన్, దాని కింద పడిపోతే కణం మీదుండే రిసెప్టర్ ఎలా పట్టుకుంటుంది? 2013లో సిలికా పార్టికల్స్‌తో సరిగ్గా ఇదే చూపించారు.

సులోచనత్త సంగతి చెప్పానా? అప్పట్లో ఆవిడ సిట్రేట్ అనే లవణంతో బంగారు కొలాయిడ్, అంటే నీళ్ళలో తేలే సన్నటి బంగారు రేణువులు, చేసేది. కెంపు రంగు. గొట్టాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంటే అవతలున్న వేళ్ళు ఎర్రగా కనబడేవి. ఓ రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని అందులో ఉప్పు ద్రావణం వేసింది. చూస్తుండగానే ఊదారంగుకి తిరిగి, ఆనక నీలమైంది. కాసేపటికి అడుగున నల్లటి మడ్డి. పార్టికల్స్‌ను దూరదూరంగా ఉంచే విద్యుదావేశాన్ని ఉప్పు కప్పేస్తే అవి ముద్దకట్టేశాయి. రెండో గొట్టంలో ముందు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కలిపి, కాసేపాగి అదే ఉప్పు అంతే పోసింది. ఎర్రగానే ఉండిపోయింది. "ఏం కలిపావో అందరూ రాస్తారు, ఏది ముందు కలిపావో కూడా రాయి" అంది. మర్నాడు కూడా ఆ గొట్టాలు పారేయనివ్వలేదు, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఆవిడ కూడా మధ్యలో మానేస్తానన్న మనిషే, తెలుసా?

నీకు పాఠాలు చెప్పకూడదనే కూర్చున్నాను. కానీ ఆ పొర కూడా ఒక్కలా ఉండదమ్మా. ముందు ఎక్కువగా ఉన్న ఆల్బుమిన్ లాంటివి ఎక్కుతాయి, తర్వాత గట్టిగా పట్టుకునేవి వచ్చి వాటిని తోసేస్తాయి. దూడ సీరంలో తయారయ్యే పొర వేరు, మనిషి ప్లాస్మాలో తయారయ్యేది వేరు. రక్తం 7.4 పీహెచ్, కణం లోపల సరుకు అరిగించే సంచి, లైసోసోమ్, 5కి దగ్గర, అంటే పులుపెక్కువ. ప్లేటు అడుగునున్న కణాల మీదికి బరువైన పార్టికల్స్ వాటంతటవే దిగుతాయి, పారే రక్తంలో ఆ వీలుండదు. ఇవన్నీ చూడకుండా నీ పార్టికల్ పనికిరాదని ఎలా తేల్చేశావు? 2018లో అనుమతి వచ్చిన పాటిసిరాన్ అనే మందు చూడు. దాని లిపిడ్ (కొవ్వు) పార్టికల్స్‌కు రక్తంలోని అపోఈ అనే ప్రొటీన్ అంటుకోబట్టే లివర్ కణాలు వాటిని లోపలికి తీసుకుంటున్నాయి. నీకు అడ్డొచ్చిన ఆ పొరే అక్కడ దారి చూపించింది. సీరంతో వచ్చిన ఫలితాలు పక్కన పడేయకు, థీసిస్‌లో అసలు అధ్యాయం అదే అవుతుంది.

రాత్రిళ్ళు ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండకు. వేళకు తిను. చిక్కిపోయావని వాసు అన్నాడు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పార్టికల్స్ సైజు నీళ్ళలోనే చూశావా, సీరం కలిపిన మీడియంలో కూడా చూశావా? ఆదివారం ఫోన్ చేసి అది చెప్పు. మానేస్తున్నావో లేదో కూడా నీ నోటితో చెప్పు.

అమ్మ