వైనతేయ పాయ, దాని పొలాలు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. జమాఖర్చుల పత్రాన్ని సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తున్నందున, ఈ నివేదికను ఏడాది పొడవునా ఏటి వెంట జరిగిన పనికే పరిమితం చేస్తున్నాం.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరిలో, వసిష్ఠ నుంచి విడివడిన వైనతేయ కోనసీమలోని పి.గన్నవరం మీదుగా సాగి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న రాజోలు ప్రాంతపు పొలాలకు కాలువ నీరు ఏటిని దాటి రావలసిందే. అందుకే 1850లలోనే గన్నవరం వద్ద అక్విడెక్టు, అంటే కాలువను ఏటి మీదుగా దాటించే వంతెన, కట్టారు. 2000లో దాని పక్కనే వచ్చిన కొత్తదానికి అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నీటిని తేవడానికి ఇంత శ్రమపడిన చోట, వచ్చిన నీరు పోయే దారిని అంతగా పట్టించుకోలేదన్నది సంఘం అభిప్రాయం.

వరద తెచ్చిన ఒండ్రు ఒడ్డునే ఎక్కువగా మేట వేయడం వల్ల ఏటిగట్టు పక్క భూములు మెరకగానూ, లోపలి పొలాలు పల్లంగానూ ఏర్పడ్డాయి. మెరకన కొబ్బరి, అరటి నిలదొక్కుకుంటాయి గాని, పల్లంలోని వరిచేలకు మురుగు కాలువే దిక్కు. ఏరు నిండుగా ఉన్నా, సముద్రం పోటు మీదున్నా ఆ కాలువ ఏటిలో కలిసే చివరనున్న స్లూయిజు (నీటిని ఆపి వదిలే కట్టడం) తలుపులు దించక తప్పదు. తిరిగి ఆటు వచ్చిన కొద్ది గంటల్లోనే చేలలోని నీరు దిగిపోవాలి. ఆ వేళకు కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకొని ఉంటే సార్వా (ఖరీఫ్) పైరు మునకలోనే ఉండిపోతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు కాని ధరతో పాటు ఈ ముంపూ కారణమే.

వేసవిలో కాలువలకు నీరు ఆపేసిన రోజుల్లో సభ్యులు మురుగు కాలువల వెంట నడిచి చూశారు. ఒకచోట ఇనుప తలుపు అడుగంచు తుప్పు తినేయడంతో, దించి ఉన్నా పోటునీరు లోపలికి చిమ్ముతోంది. ఆ పక్క చేలో గట్టు వెంబడి ఉప్పు తెల్లగా పేరుకుంది. ఫొటోలతో కూడిన వినతిపత్రాన్ని సంబంధిత అధికారులకు అందజేశాం. 2022 జులై వరదల తర్వాత లంకల్లో (ఏటి మధ్య దీవుల్లో) ఒడ్డు కోత గురించి సభ్యులు అడుగుతున్నారు. అది రాతికట్టుబడితో ముడిపడిన పెద్ద పని కనుక ప్రస్తుతానికి విజ్ఞప్తులకే పరిమితమయ్యాం.

వచ్చే సార్వాకు కాలువలు వదిలేలోగా ఆ తలుపు మార్పించడం, గుర్రపుడెక్క తీతను దిగువ చివర నుంచి మొదలుపెట్టించడం కార్యవర్గం ముందున్న పనులు. ఎగువన తీసింది దిగువకు కొట్టుకొచ్చి స్లూయిజుకే అడ్డుపడుతోంది కనుక ఈ వరుస మార్చరాదని తీర్మానించాం.