సున్నంతో లేచిన సరస్సు

బెంగళూరు,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయలేదని కోప్పడకు. ఇక్కడ అందరం కులాసా, బుజ్జిదాని పరీక్షలు అయిపోయాయి, మారతహళ్ళి ట్రాఫిక్ మామూలే. ఇక అసలు సంగతికి వస్తా, ఆగలేకపోతున్నాను.

బెళ్ళందూరు చెరువులో సున్నం కొడితే బాగుపడదా అని అడిగావు కదా. దాని జబ్బు వేరురా. మురుగు, సబ్బు నురగ, ఆక్సిజన్ లేని నీళ్ళు. దానికి సున్నం మందు కాదు. సున్నంతో లేచిన సరస్సు ఇటలీలో ఉంది, పేరు ఒర్తా. 143 మీటర్ల లోతు!

1926లో దాని దక్షిణం వైపు గొజ్జానోలో కృత్రిమ పట్టు ఫ్యాక్టరీ పెట్టారు. పత్తి పీచుని రాగి, అమ్మోనియా కలిపిన ద్రావణంలో కరిగించి దారం తీస్తారు. మిగిలిన రాగీ, అమ్మోనియం సల్ఫేటూ సరస్సులోకే. కొద్ది ఏళ్ళలోనే నీటిలో తేలే నాచు నుంచి చేపల దాకా తుడిచిపెట్టుకుపోయాయి. అది రాగి చేసిన పని. ఆమ్లం మాత్రం దొంగలా వచ్చింది.

ఎలాగంటే, అమ్మోనియాని బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. మార్చిన ప్రతి అమ్మోనియం అయానుకీ రెండు హైడ్రోజన్ అయాన్లు నీళ్ళలో పడతాయి, ఆమ్లమంటే అవే. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్, సున్నపురాయి లెక్కన 7.14 గ్రాముల ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తిని, మింగేస్తుంది. మేత ఎక్కువైన నెలలో నీ రొయ్యల చెరువులో ఆల్కలినిటీ పడిపోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. ఒర్తాలో నీళ్ళు 1.3 ఘనపు కిలోమీటర్లు. లీటరుకి ఒక్క మిల్లీగ్రామే ఉందనుకున్నా 1,300 టన్నుల నైట్రోజన్. దాని ఆమ్లానికి విరుగుడుగా 9,300 టన్నుల సున్నపురాయి కావాలి. చేత్తో వేసి చూడు, నాకైతే రెండుసార్లు వేస్తేగానీ నమ్మకం కుదరలేదు. చివరికి సరస్సు పీహెచ్ 4 దగ్గరికి దిగింది (ఏడు కంటే ఎంత తగ్గితే నీళ్ళు అంత ఆమ్లం).

1980ల మొదట్లో ఫ్యాక్టరీ అమ్మోనియాని బాగా తగ్గించింది. కానీ నీళ్ళు పూర్తిగా మారడానికి పదేళ్ళ దాకా పట్టే సరస్సు అది. అందుకే 1989, 90లలో దాదాపు 11 వేల టన్నుల సున్నపురాయి పొడిని నీళ్ళలో కలిపి, పడవ మీంచి చిమ్మారు. కాల్చిన సున్నం ఎందుకు కాదో నీకు తెలుసు: పీహెచ్ ఒక్కసారిగా 9 దాటితే మిగిలిన అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారిపోతుంది. సున్నపురాయి 8.3 దగ్గర తనంతట తనే ఆగిపోతుంది. పొడి మాత్రం మెత్తగా ఉండాలి. గరుకుదైతే కరగకముందే అడుక్కి దిగుతుంది, పైన లోహపు పొర పట్టిందంటే ఇక సరిగ్గా కరగదు. ఇంకో ప్రమాదం ఆమ్లపు నీళ్ళలో కరిగి ఉండే అల్యూమినియం. పీహెచ్ పెరిగేటప్పుడు అది చేపల మొప్పల మీద పేరుకుంటుంది, ఊపిరాడనివ్వదు.

సున్నం పడ్డాక నీళ్ళు తేరుకున్నాయి, కరిగున్న రాగి కూడా తగ్గింది. స్వీడన్‌లో చాలా సరస్సులకి మళ్ళీ మళ్ళీ చల్లాల్సి వస్తోంది, ఎందుకంటే అక్కడ ఆమ్లం చుట్టూ ఉన్న నేల లోంచి దిగుతూనే ఉంటుంది. ఒర్తాలో ముందు మూలాన్ని కట్టడి చేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అందుకే నీ చెరువులో పీహెచ్ ఒక్కటే చూసి సంతోషపడకు. ఆల్కలినిటీ అయిపోయేదాకా అది పెద్దగా కదలదు, అయిపోయాక ఒక్కసారిగా జారుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, ఆమ్లం తగిలితే రంగు మారే మిథైల్ ఆరెంజ్ వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క చుక్కా వదులు. పసుపు నారింజలోకి తిరగ్గానే ఆపు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని పదితో గుణించు, లీటరుకి మిల్లీగ్రాముల్లో నీ ఆల్కలినిటీ అదే. "ఇంకొక్క చుక్క" అనకు. మన ల్యాబులో ఆ మాటకి ఏమైందో నీకు చెప్పక్కర్లేదు!

అన్నట్టు ఒర్తా అడుగు బురదలో ఆ రాగి ఇంకా ఉంది, పైకి రాకుండా దాన్ని పట్టి ఉంచేది... ఉండు, కింద క్యాబ్ వచ్చింది, రెండోసారి హారన్ కొడుతున్నాడు. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
రాజు