తీర్పు పాఠం చదివేందుకు వీలుగా ఇవ్వండి: కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోర్టు తీర్పులను చదివి వాటి మంచిచెడ్డలు తెలుగులో వివరించేవాళ్లం మేము. ఈ పనికి చట్టం అడ్డు లేదు. తుది తీర్పుపై న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. కోర్టు నిషేధిస్తే తప్ప, తీర్పును ఎవరైనా ప్రచురించవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అంటోంది. చిక్కంతా తీర్పు జనం చేతికి అందే తీరులోనే ఉంది.

విచారణలో న్యాయమూర్తి అన్న మాట సాయంత్రానికల్లా తీర్పుగా చెలామణీ అవుతుంది. కోర్టు అభిప్రాయం తీర్పుల్లో, ఆర్డర్లలో ఉంటుంది తప్ప మౌఖిక వ్యాఖ్యల్లో కాదని సుప్రీంకోర్టు 2021 మేలో స్పష్టంగానే చెప్పింది. అంతకంటే హాని చేసే పొరపాటు ఇంకొకటుంది. ఎస్‌ఎల్‌పీ (హైకోర్టు తీర్పుపై అప్పీలుకు సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) కొట్టేయగానే ‘హైకోర్టు తీర్పును సమర్థించిన సుప్రీం’ అని రాసేస్తారు. ఆర్డరు తెరిస్తే ఒక్క వాక్యం ఉంటుంది, కారణాలుండవు. అలాంటి కొట్టివేతతో హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో విలీనం కాదని (అంటే దాని స్థానంలోకి సుప్రీంకోర్టు తీర్పు వచ్చినట్టు కాదని), సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం అన్ని కోర్టులకూ వర్తిస్తుందనే 141వ అధికరణం కింద ఆ కొట్టివేత చట్టమూ కాదని 2000లో కున్హయమ్మద్ కేసులో తేల్చారు. కారణాలు రాసి కొట్టేస్తే, వాటిలో చెప్పిన న్యాయసూత్రం కింది కోర్టులకు శిరోధార్యం. విలీనం మాత్రం అప్పుడూ లేదు. అనుమతి ఇచ్చి, అప్పీలుగా విని తేల్చితేనే విలీనం. కేసు ముగిసిందన్న మాట చూస్తే ఈ మూడింటి తేడా తెలియదు. ఆర్డరు చదవాల్సిందే.

చదవబోతే చాలాచోట్ల దొరికేది స్కాన్ చేసిన బొమ్మ. అందులో మాట వెతకలేం. చూపులేని న్యాయవాదికి పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ పేజీ. బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ‘నాట్’ అన్న ఒక్క మాట జారవిడిస్తే ఆదేశం తలకిందులవుతుంది. కంప్యూటర్‌లో టైపు చేసిన ఆర్డరును ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేయడం వల్లే ఈ గతి. అదే ఫైలుపై డిజిటల్ సంతకం పెడితే చాలు. పేరాలకు సంఖ్యలు వేయాలని, తీర్పులు వైకల్యం ఉన్నవారికీ అందేలా ఉండాలని, అడ్డొచ్చే వాటర్‌మార్కులు కూడదని అజయ్ కుమార్ సూద్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో చెప్పింది. అందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

పేరా సంఖ్య చిన్న విషయం కాదండీ. సంఖ్యలు లేని తీర్పులో ‘ఫలానా చోట’ అని చూపలేం, మా మాట నిజమో కాదో పాఠకుడు సరిచూసుకోలేడు. ప్రైవేటు ప్రచురణకర్తల పేరా విభజనను వాడుకుందామంటే, ఆ శ్రమకు కాపీరైట్ రక్షణ ఉందని ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ కేసులో తీర్పు ఉంది. కనుక కోర్టే వేయాలి. సుప్రీంకోర్టు 2023 నుంచి తన తీర్పులకు సొంత సైటేషన్ (తీర్పును గుర్తించే సంఖ్య) ఇస్తోంది. జిల్లా కోర్టుల దాకా ఆ పద్ధతి రావాలి. తెలుగు అనువాదంలోనూ అవే పేరా సంఖ్యలుండాలి. 348వ అధికరణం ప్రకారం ప్రామాణికం ఇంగ్లీషు పాఠమే కాబట్టి, రెండూ ఒకే పేజీలో పక్కపక్కన కనబడాలి.

2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కోర్టుల కంప్యూటరీకరణ పథకమైన ఈ-కోర్టుల మూడో దశకు 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. అప్‌లోడ్ చేయడం కోర్టుల పనే, అందులో మీ జోక్యం మేం కోరడం లేదు. ఆ నిధులతో కొనే, రాయించే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఈ షరతులు పెట్టించండి, సుప్రీంకోర్టు ఈ-కమిటీతో మాట్లాడి. పేరా సంఖ్య లేని, వెతకడానికి వీల్లేని ఫైలును ఆ సాఫ్ట్‌వేరే తిప్పి పంపాలి.

ఇంకొక్క మాట. అప్‌లోడ్ అయ్యాక తీర్పులో ఏదైనా సవరిస్తే, పాత ఫైలును మాయం చేయకుండా పక్కనే ఉంచి, ఏ పేరా ఏ తేదీన మారిందో మొదటి పేజీలో రాయించండి.

ఇట్లు,
తెలుగులో తీర్పులపై వ్యాఖ్యలు రాసేవారు