తప్పు కార్బొరేటర్లది కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీరు పాత చిన్న కార్ల మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1959లో మినీ అనే బుల్లి కారు రోడ్డెక్కిన కథ, దాన్ని డిజైన్ చేసిన అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ని అడ్డంగా తిప్పిపెట్టి గేర్‌బాక్స్‌ని దాని కిందే ఆయిల్ సంప్‌లో ఇరికించిన తెలివి, 1964, 1965, 1967 మాంటె కార్లో ర్యాలీ గెలుపులు, అన్నీ బాగానే రాశారు. చివర్లో, రెండు కార్బొరేటర్ల (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి అందించేవి) కూపర్, అంటే మినీలో జోరైన రకం, కొనేవాళ్లకి ఇచ్చిన సలహా దగ్గరే నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండు కార్బొరేటర్లు ఎప్పటికీ కుదురుగా ఉండవట, మాటిమాటికీ ట్యూన్ చేస్తూ కూచోవాలట, పీకేసి ఒకటే బిగించుకుంటే పీడ పోతుందట.

నా దగ్గర 998 సీసీ కూపర్ ఉంది. ఆ పీడ నేనూ పడ్డాను కాబట్టే రాస్తున్నాను. చాలాసార్లు తప్పు కార్బొరేటర్లది కాదండీ, ఇగ్నిషన్‌ది, అంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటుది. కార్బొరేటర్లు చేసిన పాపమల్లా బానెట్ ఎత్తగానే కంటికి కనబడటం, పైగా తిప్పడానికి వీలుగా స్క్రూలూ నట్లూ ఉండటం. ఆ నిప్పురవ్వని ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ మాత్రం ముందు గ్రిల్ వెనకాల కిందికి దాక్కుని ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. (అక్కడ పెట్టినందుకు ఇసిగోనిస్ మీద నాకింకా కోపమే. జోరువానలో గ్రిల్‌లోంచి నీళ్లు కొట్టి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంటే ఆయన తెలివంతా ఏమైందా అనిపిస్తుంది.)

నా బండి కథ చెప్తాను. వేడెక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేర్లో కుదుపులు, ఐడ్లింగ్‌లో మిస్సింగ్, పికప్ లేదు. నేనూ అందరిలాగే కార్బొరేటర్లే అనుకుని ఆ నట్టు కాస్త, ఈ స్క్రూ కాస్త తిప్పుతూ మూడు ఆదివారాలు తగలేశాను. తర్వాత ఒక మెకానిక్ చేతిలో పెడితే ఆయన రెండింటినీ విప్పి, కడిగి, ఒకదాని పిస్టన్ రెండోదాని డోమ్‌లో (పిస్టన్ లేచిదిగే మూతలో) పెట్టి బిగించాడు. నా బండిలో ఉన్న ఎస్‌యూ రకం కార్బొరేటర్‌లో పిస్టనూ డోమూ ఒకదానికొకటి సరిపోయేలా చేసిన జత, మార్చకూడదు. అలా ఒక పిస్టన్ పట్టేయడం మొదలైంది, అంటే ఉన్న రోగానికి ఇంకో రోగం తోడైంది. ఆఖరికి విసుగొచ్చి ఒకరోజు రాత్రి చీకట్లో డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఇంజన్ తిప్పిస్తూ చూస్తే పాయింట్ల (తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటుని తెంపే స్విచ్) దగ్గర పెద్ద పెద్ద నిప్పురవ్వలు. ఆ రవ్వల్ని అణిచే కండెన్సర్ పోయింది, అంతే! వేడెక్కినప్పుడల్లా చేతులెత్తేస్తోంది. ఆ చిన్న డబ్బీ మార్చగానే సగం జబ్బు పోయింది. మిగతా సగం మేం చేతులారా తెచ్చిపెట్టుకున్నదే.

అసలు ఇది ఎలా మొదలవుతుందో చూడండి. పాయింట్ల మడమ, వాటిని తెరిచే క్యామ్ మీద రాసుకుని రాసుకుని అరుగుతుంది. గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంటే మనం ఏమీ ముట్టుకోకుండానే టైమింగ్, అదే నిప్పురవ్వ పడే వేళ, వెనక్కి జరిగిపోతుంది. టైమింగ్ వెనక్కి పోతే ఐడ్లింగ్ పడిపోతుంది, పడిపోయిందని ఐడ్లింగ్ స్క్రూ బిగిస్తాం, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. రెండు కార్బొరేటర్ల బ్యాలెన్స్ అక్కడే పోతుంది. ఇప్పుడు ఇంజన్ వణుకుతుంది కదా, మిక్స్చర్ (గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు) మీద పడతాం. మూలం పాయింట్లలో ఉంటే మందు కార్బొరేటర్‌కి వేస్తున్నాం, ఇంక తగ్గమంటే ఎలా తగ్గుతుంది?

అందుకే వరస ముఖ్యం. ముందు ఇంజన్ చల్లగా ఉండగా ట్యాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే సందు), ఈ ఇంజన్‌కి 0.012 అంగుళం. తర్వాత ప్లగ్గులు 0.025, పాయింట్లు 0.015 దగ్గర. ఫీలర్ గేజ్ పెట్టేముందు పాయింట్ల మీద గుంటలూ బొడిపెలూ ఉన్నాయేమో చూడాలి, ఉంటే గేజ్ బొడిపె మీద ఆగి అబద్ధం చెప్తుంది, కొత్తవి వేసుకోవడమే నయం. డ్వెల్ మీటర్ (పాయింట్లు ఎంతసేపు మూసుకుని ఉంటాయో కొలిచేది) ఉంటే ఇంకా మంచిది, ఈ లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కి 60 డిగ్రీల దగ్గర ఉండాలి. షాఫ్ట్‌ని వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి, బుష్ అరిగి ఊగుతుంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గ్యాప్ వస్తుంది, అప్పుడు ఎంత సెట్ చేసినా వృథా. గ్యాప్ సరిచేశాకే టైమింగ్, ఎప్పుడూ తిరగేసి చెయ్యకూడదు, ఎందుకంటే గ్యాప్ కదిపితే టైమింగూ కదులుతుంది. ఇంజన్ తిరుగుతుండగా టైమింగ్ గుర్తులు చూపే స్ట్రోబ్ లైట్ లేకపోతే మామూలు 12 వోల్టుల బల్బుని డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య కట్టి ఇంజన్‌ని చేత్తో తిప్పితే పాయింట్లు తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది, స్టార్ట్ అయ్యేంత టైమింగ్‌కి అది చాలు. మినీలో టైమింగ్ గుర్తులు ఫ్లైవీల్ మీద ఉంటాయి, క్లచ్ కవర్ మీది చిన్న కిటికీలోకి అద్దం పెట్టి చూడాలి. మెడ పట్టేస్తుంది, చెప్పలేదనుకోకండి.

స్ట్రోబ్ ఉంటే మాత్రం ఐడ్లింగ్‌లో చూసి ఊరుకోవద్దు. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం పీకి మూతి మూసేసి, మెల్లగా రేస్ ఇస్తూ పోతే గుర్తు సాఫీగా జరుగుతూ పోవాలి. ఎగిరి దూకినా, అసలు కదలకపోయినా డిస్ట్రిబ్యూటర్ లోపల టైమింగ్‌ని ముందుకి జరిపే బరువులు పట్టేసినట్టో, స్ప్రింగులు సాగిపోయినట్టో లెక్క. అరవై ఏళ్ల స్ప్రింగులు మరి, ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి? వాక్యూమ్ క్యాప్సూల్ పరీక్ష ఇంకా తేలిక, గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూస్తే లోపలి ప్లేటు జరిగి అక్కడే నిలబడాలి. జారిపోతే డయాఫ్రమ్ చిరిగినట్టే.

ఇవన్నీ అయ్యాక కార్బొరేటర్లు. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్, స్కిన్నర్ అన్నదమ్ముల పేరు. దీంట్లో ఉన్నది ఒక జెట్, ఒక సూది, ఒక పిస్టన్, ఇంతకన్నా సాదా కార్బొరేటర్ నేను చూడలేదు. ఇంజన్ పీల్చినకొద్దీ పిస్టన్ లేస్తుంది, దాంతోపాటు కిందికి సన్నబడుతూ పోయే సూది కూడా లేచి జెట్‌లో ఖాళీ పెరుగుతుంది, పెట్రోలు పెరుగుతుంది. పైన డ్యాంపర్‌లో పోసే ఆయిల్ కందెన కోసం అనుకుంటారు చాలామంది. కాదు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు పిస్టన్ గభాలున లేవకుండా ఆపి మిక్స్చర్ కాసేపు రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉంచడానికి. 20 గ్రేడ్ ఆయిల్, పిస్టన్ బోలు కడ్డీ అంచుకి అరంగుళం పైదాకా పోస్తే చాలు. డ్యాంపర్ తీసేసి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే ‘టక్’మని పడాలి, రెండూ ఒకేలా. ఆ చప్పుడు రాకపోతే ట్యూనింగ్ మాటే ఎత్తొద్దు.

రెండింటినీ కలిపే లింకేజి బోల్టులు వదులు చెయ్యకుండా బ్యాలెన్స్ చేద్దామనుకోవడం, కాడి విప్పకుండా ఎద్దుల్ని విడివిడిగా నడిపించాలనుకోవడం లాంటిది. వదులు చేసి, రెండు జెట్లూ బ్రిడ్జితో (జెట్ పైకి తేలే చోట ఉన్న మెట్టుతో) సమానంగా పైకి తెచ్చి అక్కణ్ణుంచి జెట్ కింది మిక్స్చర్ నట్టు రెండు పూర్తి చుట్లు, అంటే ఆరు పలకల నట్టుకి 12 పలకలు కిందికి దించితే అది మొదలు. గాలి మీటర్ లేకపోతే అరగజం రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒక్కో కార్బొరేటర్ మూతి దగ్గర ఒకే చోట పట్టుకుని ‘స్‌స్’ అనే శబ్దం రెండింటికీ సమానమయ్యేదాకా ఐడ్లింగ్ స్క్రూలు తిప్పాలి. తర్వాత పక్కనున్న లిఫ్టింగ్ పిన్‌తో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, వెంటనే పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ), కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కసారికి ఒక్క పలకే తిప్పాలి, తిప్పాక కాసేపు ఆగాలి. నాకు రానిది ఈ ఆగడమే.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పగా వినలేదు, నా ప్లగ్గులు చూసి నేనే తెలుసుకున్నాను. ఈ ఇంజన్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి రెండే ఇన్‌లెట్ దారులు, 1, 2 కలిసి ఒకటి, 3, 4 కలిసి ఒకటి. ఒక్కో దారికి ఒక్కో కార్బొరేటర్. కాబట్టి 1, 2 ప్లగ్గులు నల్లగా మసిబారి 3, 4 తెల్లగా ఉంటే అప్పుడు కార్బొరేటర్లని అనుమానించండి, లేదా ఆ వైపు మానిఫోల్డ్ గ్యాస్కెట్‌లోంచి దొంగగాలి వస్తోందేమో చూడండి. ఒక్క 3 మాత్రమే వేరే రంగులో ఉంటే? పక్కనున్న 4 తాగేదీ అదే గాలి, అదే పెట్రోలు. అలాంటప్పుడు ప్లగ్గో, ప్లగ్ వైరో, ట్యాపెట్టో చూసుకోవాలిగానీ మిక్స్చర్ నట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. లోపలి సిలిండర్లకీ బయటివాటికీ మధ్య చిన్న తేడా ఈ డిజైన్‌లోనే ఉంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మీ వ్యాసంలో నిజం అసలు లేదని అనను. త్రాటిల్ స్పిండిళ్లు అరిగి పక్కల్నుంచి గాలి లాగుతుంటే ఎవరూ ఐడ్లింగ్ నిలపలేరు, బుష్‌లు మార్చాల్సిందే. పెట్రోల్లో ఇథనాల్ కలిపాక మిక్స్చర్ కాస్త లీన్ అవుతుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి, అదీ చూసుకోవాలి. ఇంత ఓపిక లేనివాళ్లు ఒక్క పెద్ద ఎస్‌యూ బిగించుకుంటే తప్పేమీ లేదు, బండి బాగానే పరిగెడుతుంది. కానీ ఆ ఒక్కటీ బిగించాక కూడా పోయిన కండెన్సర్ పోయినట్టే ఉంటుంది కదండీ, అప్పుడు దేన్ని పీకమంటారు?

రెండేళ్లయింది నేను ఆ మిక్స్చర్ నట్లు ముట్టుకుని, మధ్యలో ఒకసారి ఒక్క పలక తప్ప. పాయింట్లు మాత్రం రెండుసార్లు సరిచేశాను. తర్వాతి వ్యాసంలో ఆ వాక్యం మార్చండి, కుదరకపోతే దాని ముందు ‘మొదట డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడండి’ అని ఒక్క ముక్క కలపండి.

ఇట్లు,
ఒక పాత మినీ యజమాని