తమ్ముడు టెక్సాస్ చేరాడు: సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడు న్యూజెర్సీ నుంచి డాలస్ ప్రాంతానికి అన్ని అనుమతులతో మారాడు. అందుకు సాయపడినవారి పేర్లు రాయడం లేదు. ఎందుకో వారికి తెలుసు.

విషయం దాచను. లైంగిక నేరంలో శిక్ష పడి వాడు అలాంటి నేరస్థుల వివరాలుండే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉన్నాడు, ప్రొబేషన్ (బయట ఉంటూనే అధికారుల పర్యవేక్షణలో గడపాల్సిన శిక్షాకాలం) ఇంకా పూర్తి కాలేదు. వాడి వల్ల బాధపడినవారు ఉన్నారు, వారి బాధ ముందు మా తిప్పలు లెక్కలోకి రావు. కానీ పక్షవాతంతో మంచం పట్టిన నాన్నను దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి వాడు ఇక్కడ ఉండే ప్రశ్నే లేదు. నాన్నకూ వాడికీ కలిపి వేరే ఇల్లు చూడాల్సి వచ్చింది.

అందరికన్నా ముందు మా లాయరు గారికి నమస్కారం. "ముందు వచ్చేయమను, కాగితాల సంగతి తర్వాత" అని చుట్టాలు చెబుతుంటే, ఆవిడ ససేమిరా అన్నారు. ప్రొబేషన్‌లో ఉన్నవారు రాష్ట్రం మారాలంటే రాష్ట్రాల మధ్య ఒప్పందం ప్రకారం పాత రాష్ట్రమే దరఖాస్తు పంపాలి, కొత్త రాష్ట్రం విచారించి ఒప్పుకోవాలి. ఆ విచారణకు 45 రోజుల గడువు ఉంటుంది. బంధువుల ఆధారంగా మారేవారికి, ఆ బంధువు అక్కడ కనీసం 180 రోజులుగా ఉంటూ ఉండాలి, మారేవారు తమ బతుకుతెరువు కూడా చూపాలి. ఇక రిజిస్ట్రీ సంగతి వేరు. న్యూజెర్సీలో మారడానికి కనీసం 10 రోజుల ముందే చెప్పాలి. టెక్సాస్‌లో వచ్చిన 7 రోజుల్లోగా నమోదు కావాలి, దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం మాత్రం 3 పనిదినాలే అంటుంది. "అన్నిటికన్నా తక్కువ గడువే మీ గడువు" అని ఆవిడ తేల్చేశారు. రాష్ట్రం దాటి వచ్చి తెలిసీ నమోదు చేసుకోకపోతే ఫెడరల్ నేరమే, 10 ఏళ్ల దాకా జైలు. ఆ అంకె విన్నాక చుట్టాల సలహాలు ఆగిపోయాయి!

ఇల్లు దొరకడమే అసలు పరీక్ష. ఇక్కడ చాలా ఊళ్లకు బడులు, పార్కుల నుంచి ఇంత దూరం ఉండాలని సొంత నిబంధనలున్నాయి. మేము చూసిన మొదటి ఇల్లు అందుకే కుదరలేదు. రియల్ ఎస్టేట్ పనిలో ఉన్న మిత్రుడొకరు ఆదివారాలు మానుకుని, ఊరి మ్యాపు ముందేసుకుని దూరాలు కొలిచారు. చివరికి ఇల్లిచ్చిన తెలుగు పెద్దాయన రిజిస్ట్రీలో ఫోటో, చిరునామా అందరికీ కనిపిస్తాయని తెలిసే ఇచ్చారు. వాడిని ఎదురుగా కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగారు. నాకు సిగ్గుగా అనిపించినా, అలా అడగడమే సరైనదని ఇప్పటికీ అంటాను. పని ఇస్తానని ఉత్తరం రాసిచ్చిన గోడౌను యజమానికీ, నమోదు రోజున ప్రతి షరతూ ఓపికగా చదివి వినిపించిన పోలీసు అధికారికీ, నాన్నకు మధ్యాహ్నం భోజనం పంపుతున్న పిన్నిగారికీ పేరుపేరునా ధన్యవాదాలు.

ఇలాంటి కుటుంబాలు మనలోనూ ఉన్నాయి, బయటికి చెప్పుకోవు. కావాలంటే నాకు సందేశం పంపండి, ఏ కాగితం తర్వాత ఏ కాగితమో చెబుతాను. సలహా మాత్రం మీ రాష్ట్రం లాయరునే అడగండి. నిబంధనలు ఒక రాష్ట్రంలో ఉన్నట్టు మరో రాష్ట్రంలో ఉండవు.