దసరా నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర సీడీలు చేయించుకున్నవారికి

ముందు అసలు విషయం చెప్పేస్తాను. దసరా తర్వాత, మీరు నెట్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకున్న పాటలతో మల్లేశ్వరంలోని మా షాపులో చేసిచ్చిన ఆడియో సీడీల్లో కొన్నింటికి సౌండ్ నాణ్యత తగ్గింది. మీ ప్లేయర్‌లో గానీ కారు స్పీకర్లలో గానీ లోపం లేదు, తప్పు మాదే.

పోయిన వారం ఒక పెద్దాయన సీడీ వెనక్కి తెచ్చారు. కచేరీ రికార్డింగ్, డబ్బు పెట్టి కొనుక్కున్న ఫ్లాక్ ఫైళ్లు, అంటే శబ్దంలో ఏమీ పోకుండా సైజు తగ్గించినవి. "కంప్యూటర్‌లో తంబురా నిండుగా వినిపిస్తోంది బాబూ, సీడీలో పొడిబారినట్టుంది, పైగా ఆలాపన అయ్యి కృతి ఎత్తుకునేచోట తెగిపోతోంది" అన్నారు. ఆ రాత్రే సీడీని, ఆయన ఫైళ్లని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన తెరిచి చూశాను. సీడీలో 16 కిలోహెర్ట్జ్ పైన, అంటే బాగా కీచుగా ఉండే శబ్దాల చోట, ఏమీ లేదు, గీత పెట్టి కోసేసినట్టుంది. ఎంపీ3 సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత తీసేస్తుంది, అలా ఎంపీ3 చేశాక బర్న్ చేసిన గుర్తు అది.

ఎందుకలా జరిగిందంటే, ఆ ఆల్బమ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌ది, అంటే సీడీ కన్నా ఎక్కువ వివరం ఉన్న హై-రిజల్యూషన్‌ది, మొత్తం ఒకటిన్నర జీబీ పైనే. సీడీ మీద 700 ఎంబీ అని ఉంటుంది కదా, పట్టదేమో అని మా కుర్రాడు ముందు ఎంపీ3గా మార్చి చిన్నది చేశాడు. ఆడియో సీడీకి ఎంబీ లెక్క కాదు, నిమిషాల లెక్క. ఏ ఫైల్ ఇచ్చినా చివరికి డిస్క్ మీదికి వెళ్లేది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ శబ్దమే, 80 నిమిషాల లోపు ఉంటే చాలు. ఈ మాట పనిలో పెట్టుకున్న రోజే నేను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అందుకే వాణ్ణి ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ఫ్లాక్ ఫైల్‌ని నేరుగా వేవ్‌గా, అంటే సైజు తగ్గించని ఫైల్‌గా, విప్పుతాం, హై-రిజల్యూషన్‌ది అయితే డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు శబ్దం చెడకుండా కలిపే సన్నటి హోరు) పెట్టి ఒక్కసారే సీడీ స్థాయికి దించుతాం, మధ్యలో ఎంపీ3 ఊసే ఉండదు. పాటలన్నిటి వాల్యూమ్ సమానం చేసే ఆప్షన్ తీసేశాం, ఎందుకంటే కచేరీలో నెమ్మదిగా పాడిన చోటు నెమ్మదిగానే ఉండాలి. డిస్క్ మొత్తం ఒకే విడతలో రాస్తాం కాబట్టి పెద్దాయనకి తెగిపోయినట్టు వినిపించిన ఆ రెండు సెకన్ల ఖాళీ ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య రాదు.

మీరు కొన్నదే ఎంపీ3 అయితే మాత్రం అందులో ఉన్నంత సౌండ్ సీడీకి వస్తుంది, అంతకు మించి రాదు. కొన్నప్పుడే పోయినదాన్ని నేను తిరిగి తెచ్చానంటే అబద్ధమే అవుతుంది. అదే సైట్‌లో ఫ్లాక్ కూడా దొరుకుతుంటే కొంచెం ఎక్కువైనా అది కొనండి, సీడీ చేయించుకునేవాళ్లకి ఆ తేడా పనికొస్తుంది.

పాత సీడీ, ఒరిజినల్ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ రెండూ తీసుకురండి, కొత్త సీడీ చేసిస్తాను. పని అయ్యాక మీ ఫైళ్లు మా దగ్గర ఉంచుకోం, అందుకే మళ్లీ అడగాల్సి వస్తోంది. డిస్క్ ఖర్చు, బర్న్ చేసే ఖర్చు నావి. మధ్యాహ్నం వస్తే షాపులో రద్దీ ఉండదు, ఇక్కడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కొత్త సీడీ, మీ ఫైళ్లు రెండూ విని, తేడా లేదనిపిస్తేనే పట్టుకెళ్లండి.